ఎంఏ తరగతికి బడి గంట ఎందుకు?

హన్మకొండ వేయిస్తంభాల గుడి ఆవరణలో కాకతీయ రుద్రదేవుడి శాసనం ఉంది. శక సంవత్సరం 1084, అంటే 1163 జనవరి నాటిది. అచింతేంద్రుడనే కవి సంస్కృతంలో కూర్చాడు. కాకతీయుల మీద ఎంఏ పేపర్ చెప్పే ఎవరైనా దాని దగ్గర ఆగక తప్పదు. కాకతీయులు చాళుక్యుల సామంతులుగా ఉండి స్వతంత్రులైన మలుపు అందులోనే కనిపిస్తుంది.

ఒక ఏడాది దాని అనువాదం జిరాక్స్ తీయించి తరగతిలో పంచాను. హాజరు వేసి, కాగితాలు అందరికీ చేరి, శాసనం ఎవరు వేయించారో, ఎందుకు వేయించారో చెప్పేసరికి ఇరవై నిమిషాలు పోయాయి. తర్వాత ఒక్కొక్కరూ ఒక్కో వాక్యం చదవడం మొదలుపెట్టారు. రుద్రదేవుడి తండ్రి ప్రోలరాజు చాళుక్య తైలపదేవుణ్ని యుద్ధంలో బంధించాడనీ, భక్తివల్లా ప్రేమవల్లా విడిచిపెట్టాడనీ చెప్పే చోటికి వచ్చాం. ములుగు నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక అమ్మాయి ఆ సెమిస్టర్‌లో అప్పటిదాకా నోరు తెరవలేదు. ఆ వాక్యం దగ్గర చెయ్యెత్తింది. "సార్, ప్రభువునే బంధిచ్చినోడు మల్ల భక్తితోని ఇడిచిపెట్టుడేంది?"

చరిత్ర పాఠంలో ఇంతకంటే మంచి ప్రశ్న రాదు. ప్రోలరాజు అప్పటికి ఎవరి సామంతుడు? తైలపుణ్ని తన కోసం పట్టుకున్నాడా, ఇంకెవరి తరఫున పట్టుకున్నాడా? తండ్రి చేసిన పనిని కొడుకు ఏళ్ల తర్వాత రాయి మీద చెక్కిస్తున్నప్పుడు "భక్తి" అనే మాట ఎవరిని ఒప్పించడానికి పడింది? ప్రశస్తిలో రాసినదంతా జరిగిందే అనుకోవచ్చా? ఒక్క ప్రశ్నతో తరగతి మొత్తం లేచి కూర్చుంది. మరో అబ్బాయి అదే శాసనంలో కింద రుద్రదేవుడు ఓడించినవాళ్ల పేర్లున్నాయని, దొమ్మరాజు, మేడరాజు, మైళిగిదేవుడు, భీముడు అని వేలు పెట్టి చూపిస్తున్నాడు. అంతలో గంట కొట్టారు. తర్వాతి తరగతి పిల్లలు అప్పటికే గుమ్మంలో నిలబడ్డారు. మర్నాడు ఆ అమ్మాయికి బస్సు దొరకలేదు. మూడో రోజు నేనే ఆ ప్రశ్న గుర్తుచేశాను. అందరూ మర్యాదగా విన్నారు, ఒక్కరూ మాట్లాడలేదు.

పీజీ తరగతి ఎంతసేపు ఉండాలనే మాట వచ్చినప్పుడల్లా నాకు ఆ రోజే గుర్తొస్తుంది. మన కళాశాలల్లో దీని మీద దాదాపు అందరిదీ ఒకటే అభిప్రాయం. డిగ్రీకి గంట, పీజీకీ గంట. ఎక్కువసేపు పెడితే పిల్లలు వినరు, సిలబస్ కాదు, క్రెడిట్ల లెక్క ఒప్పుకోదు, వర్క్‌లోడ్ కుదరదు, బస్సులు దొరకవు అంటారు. స్టాఫ్ రూములో ఈ మాటలు ఎన్నోసార్లు విన్నాను. చెప్పినవాళ్లు చెడ్డవాళ్లు కారు, వాళ్లలో చాలామంది నాకంటే బాగా పాఠం చెప్పేవాళ్లు. అయినా ఈ అభిప్రాయం తప్పు. ఆర్ట్స్ పీజీలో ముఖ్యమైన పేపర్లు రోజుకు గంట చొప్పున కాకుండా వారానికి రెండుసార్లు, ఒక్కో విడత రెండు గంటలకు తగ్గకుండా జరగాలి. ఈ మాటకు ఎదురుగా చెబుతున్న కారణాల్లో ఒక్కటి నిజమైనది, మిగతావి నిలబడవు.

ముందు నిబంధనల సంగతి. "యూజీసీ ఒప్పుకోదు" అనే మాటతో చాలా చర్చలు మొదలవకుండానే ముగిసిపోతాయి. ఎంపిక ఆధారిత క్రెడిట్ పద్ధతికి యూజీసీ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉన్నది ఇది: వారానికి ఒక గంట బోధన, లేదా రెండు గంటల ప్రాక్టికల్, ఒక క్రెడిట్. అంటే నాలుగు క్రెడిట్ల పేపర్‌కు వారానికి నాలుగు గంటలు, పదిహేను వారాల సెమిస్టర్‌కు అరవై గంటలు. ఆ నాలుగు గంటలనూ నాలుగు ముక్కలు చేసి నాలుగు రోజులకు పంచాలని అందులో లేదు. యూజీసీ 2018 నిబంధనల్లో అధ్యాపకుడి పనికీ లెక్క ఉంది. వారానికి నలభై గంటల పని, అందులో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు పదహారు గంటలు, అసోసియేట్ ప్రొఫెసర్‌కూ ప్రొఫెసర్‌కూ పద్నాలుగు గంటలు నేరుగా బోధన. ఇక్కడా లెక్క గంటలదే. ఏ విడత ఎంతసేపు అన్నది టైమ్‌టేబుల్ వేసేవాళ్ల చేతిలో ఉంది. చేతిలో ఉన్నదాన్ని ఢిల్లీ మీదికి నెట్టడం సరికాదు.

ఈ గంట ఎక్కడినుంచి వచ్చిందో కూడా చూడాలి. 1905లో ఆండ్రూ కార్నెగీ అమెరికా కళాశాల అధ్యాపకుల పింఛన్ల కోసం కోటి డాలర్లు ఇచ్చాడు. ఏ కళాశాలకు పింఛను ఇవ్వాలో తేల్చాలంటే ముందు కళాశాల అంటే ఏమిటో తేల్చాలి. ఎంత హైస్కూలు చదువు ఉన్నవాళ్లను చేర్చుకుంటే అది కళాశాల అవుతుందన్న ప్రశ్న వచ్చింది. దానికోసం ఒక కొలత పెట్టారు: ఒక విషయాన్ని ఏడాదిలో సుమారు 120 గంటలు చదివితే ఒక యూనిట్. పింఛను లెక్క కోసం, అదీ హైస్కూలు చదువును కొలవడానికి పుట్టిన గజంబద్ద అది. చదువును గంటల్లో లెక్కగట్టే అలవాటు అక్కడినుంచి చాలాచోట్లకు పాకింది. ఆ యూనిట్ విద్యార్థి ఎంత నేర్చుకున్నాడో కొలవడానికి పెట్టినది కాదని 2015లో, దాన్ని పెట్టిన కార్నెగీ ఫౌండేషన్ తన నివేదికలోనే చెప్పింది. పెట్టినవాళ్లే అంత మాట అన్నాక, మనం దాన్ని శిలాక్షరంగా పట్టుకోవడంలో అర్థం లేదు.

పీజీ చదువు పుట్టుక వేరు. పంతొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో బెర్లిన్‌లో రాంకే అనే చరిత్రకారుడు కొద్దిమంది విద్యార్థుల్ని తన ఇంట్లో కూర్చోబెట్టుకుని పాత పత్రాలు చదివించేవాడు. ఏది అసలుది, ఏది తర్వాత చేర్చింది, రాసినవాడికి ఏం కావాలి అని వాళ్లచేతే తవ్వించేవాడు. సెమినార్ అనే తరగతి అలాంటి చోట్ల రూపం పోసుకుంది. గురువు చెప్పింది శిష్యుడు రాసుకోవడంతో అది పూర్తయ్యేది కాదు. మన దగ్గర 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు పెట్టినప్పుడు అవి ప్రధానంగా పరీక్షలు పెట్టే సంస్థలు. పాఠాలు కళాశాలల పని. అందుకే పీజీ పాఠం కూడా డిగ్రీ పాఠం పోలికలతోనే పెరిగింది. స్వాతంత్ర్యం రాగానే వేసిన రాధాకృష్ణన్ కమిషన్ ఈ లోటు గమనించి, ఉపన్యాసాలకు తోడు ట్యుటోరియల్స్, గ్రంథాలయంలో పని, రాతపని ఉండాలని సిఫారసు చేసింది. ఏడాదికి 180 పనిదినాలన్న సిఫారసూ ఆ కమిషన్‌దే. పనిదినాల సంఖ్యను పట్టుకున్నాం, ట్యుటోరియల్‌ను వదిలేశాం.

వరంగల్‌లో ఉన్నవాళ్లకు ఈ తేడా చూడటానికి దూరం వెళ్లక్కర్లేదు. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాల, ఇప్పటి ఎన్‌ఐటీ, కాజీపేట పక్కనే ఉంది. ఇంజినీరింగ్ సిలబస్‌లో ప్రతి కోర్సు పేరు పక్కనా ఎల్, టీ, పీ అని అంకెలుంటాయి. ఉపన్యాసం ఎంత, ట్యుటోరియల్ ఎంత, ప్రాక్టికల్ ఎంత అని ముందే తేల్చి రాస్తారు. పని ఏమిటో తేలాక దాన్నిబట్టి గంటలు వేస్తారు. ఎంఎస్సీ కెమిస్ట్రీ విద్యార్థి మధ్యాహ్నం ల్యాబ్‌లోకి వెళ్తే మూడు గంటలు నిలబడే పనిచేస్తాడు. టైట్రేషన్ సగంలో ఉండగా గంట కొట్టి, మిగతాది రేపు చేసుకొమ్మని ఎవరూ అనరు. అలా అంటే అతని చేతిలోని ద్రావణం పాడవుతుందని అందరికీ తెలుసు. శాసనం చదివే విద్యార్థి మనసులో అప్పుడే కదిలిన ఆలోచన కూడా అలాగే పాడవుతుంది. అది కంటికి కనబడదు గనక మనకు పట్టడం లేదు.

"పిల్లలు పావుగంటకు మించి వినలేరు" అన్నది మరో వాదన. దీన్ని శాస్త్రం తేల్చినట్టు చెబుతారు. 2007లో విల్సన్, కార్న్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ పది, పదిహేను నిమిషాల మాటకు ఆధారంగా చూపే అధ్యయనాలను ఒక్కొక్కటిగా పరిశీలించి, ఆ మాటకు అవి సరిపోవని తేల్చారు. 2016లో బ్రాడ్‌బరీ అనే శరీరధర్మ శాస్త్ర ఆచార్యుడు మళ్లీ అదే పని చేసి అదే నిర్ణయానికి వచ్చాడు. విద్యార్థుల శ్రద్ధలో తేడాకు నిమిషాలకంటే చెప్పే మనిషే ఎక్కువ కారణమని ఆయన రాశాడు. పోనీ, పావుగంట మాట నిజమే అనుకుందాం. అప్పుడు గంట పాఠం కూడా దానికి నాలుగింతలు కదా! ఆ వాదన నిలబడితే ముందు కూలేది గంట పాఠమే.

ఈ ప్రాంతంలో పుట్టి పెరిగినవాళ్లు ఈ మాట అనడం నాకు మరీ కష్టంగా ఉంటుంది. జనగామ వైపు మాణిక్యాపురం నుంచి వచ్చిన చుక్క సత్తయ్య ఒగ్గుకథ చెబుతుంటే తెల్లవార్లూ కూర్చున్న జనం మన తాతలు, తండ్రులు. బడి ముఖం చూడనివాళ్లు కూడా మల్లన్న కథ ఎక్కడ ఆగిందో, ఏ పాత్ర ఏమన్నదో మర్నాడు పొలంలో చెప్పుకునేవారు. కథకుడు ఒక్కడే గుక్క తిప్పుకోకుండా మాట్లాడితే వాళ్లూ అంతసేపు కూర్చునేవారు కాదు. పక్కన వంతపాటగాళ్లుంటారు, డోలు ఉంటుంది, మాటలోంచి పాటలోకి, పాటలోంచి ఆటలోకి మారతారు, మధ్యలో ప్రశ్న, దానికి జవాబు, నవ్వు ఉంటాయి. రెండు గంటల తరగతిని ఎలా నడపాలో మన ఒగ్గు కథకుల దగ్గరే నేర్చుకోవచ్చు. ఇరవై నిమిషాలు అధ్యాపకుడు చెప్పాలి, ముప్పై నిమిషాలు కలిసి మూలం చదవాలి, ఆపైన వాదన, మధ్యలో పది నిమిషాల విరామం, చివర ఒకరు కాగితం చదవాలి.

అందుకే ఒక మాట స్పష్టంగా చెప్పాలి. రెండు గంటలు కూర్చోబెట్టి నోట్స్ డిక్టేట్ చేసే తరగతిని నేను సమర్థించడం లేదు. అది పిల్లలకు శిక్ష. అలాంటి పాఠమైతే గంటలో వదిలేయడమే మేలు. సంస్కృతమో కన్నడమో కొత్తగా నేర్చుకునేవాళ్లకు రోజూ కొంతసేపు చదవడమే మంచిది. గణాంకాల లెక్కలకూ రోజువారీ అభ్యాసం కావాలి. నా వాదన మూలగ్రంథాలు, శాసనాలు, కావ్యాలు, చట్టాలు, క్షేత్ర పరిశీలనలు చదివే పేపర్ల గురించి. ఎంఏ అంటే ఎక్కువభాగం అవే.

సిలబస్ కాదనే భయం ఉంది. ఇక్కడ నా లెక్క చెబుతాను, కావాలంటే ఎవరైనా తమ తరగతిలో గడియారం పెట్టి చూసుకోవచ్చు. ఒక తరగతి ముగిసి ఇంకో తరగతి కుదురుకునేసరికి ఐదు నిమిషాలు. హాజరుకు ఐదు. నిన్న ఎక్కడ ఆపామో గుర్తుచేయడానికి ఐదు. ఒక్కో విడతకు పావుగంట ఖర్చు. వారానికి నాలుగు విడతలైతే గంట పోతుంది, రెండైతే అరగంటే పోతుంది. పదిహేను వారాలకు ఒక్కో పేపర్‌లో ఏడున్నర గంటలు మిగులుతాయి. అంటే దాదాపు రెండు వారాల పాఠం. సిలబస్ పూర్తికావాలని నిజంగా కోరేవాళ్లు పొడుగు తరగతినే అడగాలి.

బస్సుల గురించి చెప్పే మాట తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. పీజీ చదివేవాళ్లలో చాలామంది నర్సంపేట, పరకాల, ములుగు, జనగామ, మహబూబాబాద్ వైపుల నుంచి రోజూ వచ్చిపోతారు. ములుగు నుంచి హన్మకొండకు దాదాపు యాభై కిలోమీటర్లు. 2023 డిసెంబర్ నుంచి ఆడపిల్లలకు ఆర్టీసీలో జీరో టికెట్ వచ్చింది, చాలా ఇళ్లలో అమ్మాయి పీజీ చదువు దానివల్లే సాగుతోంది. కానీ పొద్దుటి బస్సుల్లో నిలబడటానికీ చోటుండదు. అలా వచ్చిన అమ్మాయికి మనం ఇస్తున్న టైమ్‌టేబుల్ ఏమిటి? పదింటికి ఒక పీరియడ్, పన్నెండింటికి ఒకటి, మూడింటికి ఇంకొకటి. మధ్యలో చెట్టు కింద ఫోను చూసుకుంటూ గడుపుతుంది. మూడింటి పీరియడ్‌కు ఉంటే చీకటిపడ్డాక ఇల్లు చేరాలి గనక అది మానేస్తుంది. పొద్దున ఒక రెండు గంటల విడత, భోజనం తర్వాత ఒకటి పెడితే మూడింటికల్లా బస్సెక్కుతుంది. వారంలో ఒక రోజు పూర్తిగా గ్రంథాలయానికో, ఇంట్లో పనికో, గ్రూప్స్ కోచింగ్‌కో మిగులుతుంది. దూరం నుంచి వచ్చేవాళ్ల పేరు చెప్పి పొడుగు తరగతిని వద్దంటారు గానీ, చిన్న పీరియడ్ల వల్ల ఎక్కువ నష్టపోతున్నది వాళ్లే.

ఒక్క రోజు రాకపోతే రెండు గంటల పాఠం పోతుంది కదా, 75 శాతం హాజరు తప్పి స్కాలర్‌షిప్ ఆగితే ఎవరిది బాధ్యత అని అడుగుతారు. హాజరును విడతల్లో కాకుండా గంటల్లో లెక్కిస్తే శాతం మారదు. జ్వరం వచ్చినవాళ్లకు అసలు పత్రం, ఆ రోజు తరగతిలో రాసిన కాగితాలు ఇస్తే సరిపోతుంది. ఇంతకంటే దీని మీద చెప్పేదేమీ లేదు.

నిజమైన అభ్యంతరం ఒక్కటి ఉందన్నాను. అది పార్ట్‌టైమ్, గెస్ట్ అధ్యాపకులది. రెగ్యులర్ ఖాళీలు ఏళ్ల తరబడి నిండని చోట పీజీ పాఠాల్లో పెద్ద భాగం వీళ్లే మోస్తున్నారు. చాలాచోట్ల వాళ్లకు పీరియడ్‌కింత అని లెక్క. రెండు గంటల విడతను ఒక పీరియడ్‌గా రాస్తే వాళ్ల నెలజీతం సగమవుతుంది. సెలవు వచ్చి ఒక విడత పోతే రెండు గంటల కూలి పోతుంది. నాకు బాగా తెలిసిన ఒక గెస్ట్ లెక్చరర్ ఒక కళాశాలలో ఇలాంటి మార్పు అనుకున్నప్పుడు నా దగ్గరికి వచ్చి, "మీరు చదువు గురించి మాట్లాడుతున్నరు సార్, నాకు కిరాయి గురించి భయమైతున్నది" అన్నాడు. ఆయన భయం న్యాయమైనది. కాబట్టి పొడుగు తరగతి పెట్టే ఏ ఉత్తర్వులోనైనా మొదటి వాక్యం ఇదే ఉండాలి: చెల్లింపు గంటల లెక్కన జరగాలి, రెండు గంటల విడత రెండు గంటలుగానే రిజిస్టర్‌లో పడాలి, సెలవుల వల్ల పోయిన విడతను మరో రోజు పెట్టుకునే హక్కు అధ్యాపకుడికి ఉండాలి. ఆ వాక్యం లేని ఉత్తర్వు వస్తే నేనే దాన్ని వ్యతిరేకిస్తాను.

గదుల మాట కూడా ఎత్తుతారు. మొత్తం గంటలు మారనప్పుడు మొత్తం గదులూ మారవు. విరామం పది నిమిషాలు ఉండాలంటే తాగే నీళ్లు, అమ్మాయిలకు శుభ్రమైన టాయిలెట్లు అదే అంతస్తులో ఉండాలి. ఇది చిన్న విషయమని నవ్వేవాళ్లు రెండు గంటలు కూర్చునే అమ్మాయిల్ని ఒకసారి అడిగి చూడాలి. గంట పీరియడ్ ఉన్నప్పుడూ అవి ఉండాల్సిందే.

వచ్చే ఆల్మనాక్ వేసేలోగా ఏ విభాగమైనా రెండు పేపర్లతో ఇది మొదలుపెట్టవచ్చు. మంగళ, శుక్రవారాల్లో పదినుంచి పన్నెండు దాకా ఒకటి, ఒంటిగంటనుంచి మూడు దాకా ఇంకొకటి. కొత్త పోస్టు అక్కర్లేదు, కొత్త సిలబస్ అక్కర్లేదు. విభాగాధిపతి సంతకం, బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో ఒక తీర్మానం చాలు. చరిత్రవాళ్లు చేస్తామంటే ఆ రెండు గంటల్లో ఒకసారి విద్యారణ్యపురిలోని విశ్వవిద్యాలయం నుంచి ఆటోలు కట్టుకుని వేయిస్తంభాల గుడికి వెళ్లవచ్చు. రాను పోను అరగంట పైన పోయినా, ఆ రాతి ముందు కూర్చోవడానికి గంటకు పైగా మిగులుతుంది. ములుగు అమ్మాయి అడిగిన ప్రశ్నను అక్కడ ఇంకో అమ్మాయి అడిగితే, గుమ్మంలో మరో తరగతి నిలబడి ఉండదు.